న్యూట్రినో ఎందుకంత తేలిక? స్నేహితుడికి ఒక ఉత్తరం

బావా,

నీ ఉత్తరం చివర్లో రాసిన ఆ నాలుగు ముక్కలూ చదివాక మిగతా కబుర్లకి జవాబు రాయబుద్ధి కాలేదు. "న్యూట్రినోకి ద్రవ్యరాశి ఉందని తేలింది, అది చాలా తక్కువనీ తేలింది. ఇక అందులో అంత ఆలోచించడానికి ఏముందిరా? ఏదో ఒక కణం అన్నిటికన్నా తేలిగ్గా ఉండక తప్పదుగా!" అన్నావు. ఉండక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ విద్యుదావేశం లేని ఈ మూల కణం ఎంత తేలికో అంకెల్లో చూశాక నువ్వే ఆ మాట వెనక్కి తీసుకుంటావు. తీరిగ్గా కూర్చుని చదువు. కాగితం, పెన్ను పక్కన పెట్టుకో, మధ్యలో చిన్న లెక్క ఉంది.

కణాల బరువుల్ని ఎలక్ట్రాన్ వోల్టులనే శక్తి కొలమానంలో చెప్పుకుంటారు. ఎలక్ట్రాన్‌ది 5,11,000. మనకి తెలిసిన మూల కణాల్లో అన్నిటికన్నా బరువైన టాప్ క్వార్క్‌ది దాదాపు 17,300 కోట్లు. ఈ రెండింటి మధ్య తేడా మూడు లక్షల నలభై వేల రెట్లు. ఇదే తక్కువేం కాదు, కానీ మధ్యలో మ్యూయాన్, టౌ (ఎలక్ట్రాన్ లాంటివే, బరువు ఎక్కువ), మిగిలిన క్వార్క్‌లు ఒక్కొక్కటీ ఒక్కో మెట్టు మీద ఉన్నాయి. ఎలక్ట్రాన్ దాటి కిందికి దిగితే మెట్లే లేవు. కనీసం పది లక్షల రెట్లు ఖాళీగా దిగాక గానీ న్యూట్రినో తగలదు. ఇంకోలా చూడు. అప్ క్వార్క్, డౌన్ క్వార్క్, ఎలక్ట్రాన్, దాని న్యూట్రినో, ఈ నాలుగూ ఒకే కుటుంబం (ఇలాంటి కుటుంబాలు మూడున్నాయి). మొదటి మూడింటి బరువుల మధ్య తేడా పదిరెట్ల లోపే. నాలుగోది మాత్రం వాటి దరిదాపుల్లో లేదు. ఒకే కుటుంబంలో ఒక్కటే ఇలా ఎందుకుందన్నదే అసలు ప్రశ్న.

"పది లక్షల రెట్లని ఎలా చెప్తారు, తూచారా?" అంటావేమో. తూచారు, తూస్తూనే ఉన్నారు. జర్మనీలోని కార్ల్స్‌రూలో కాట్రిన్ అనే ప్రయోగం ఉంది. ట్రిటియం (బరువైన రకం హైడ్రోజన్) పరమాణువు విచ్ఛిన్నమైనప్పుడు ఒక ఎలక్ట్రాన్, ఒక యాంటీన్యూట్రినో (న్యూట్రినోకి ప్రతికణం) బయటికి వస్తాయి. ఉన్న శక్తినంతా ఆ రెండే పంచుకోవాలి. న్యూట్రినోకి కాస్తయినా బరువుంటే, ఆ బరువుకి సరిపడా శక్తి ముందే పక్కకి పోతుంది, కాబట్టి ఎంత అదృష్టవంతమైన ఎలక్ట్రాన్ అయినా గరిష్ఠ శక్తికి ఆ కాస్త దూరంలో ఆగిపోవాలి. ఆ గరిష్ఠం 18,600 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరుంటే, అక్కడ ఒక ఎలక్ట్రాన్ వోల్టు కన్నా తక్కువ తేడాని పట్టుకోవాలి! అందుకోసం పది మీటర్ల వ్యాసం, 23 మీటర్ల పొడవున్న ఒక స్టీలు పాత్ర కట్టారు. 2006లో దాన్ని ఫ్యాక్టరీ నుంచి ప్రయోగశాలకి చేర్చాలి. మధ్య దూరం 400 కిలోమీటర్లే, కానీ అంత పెద్ద వస్తువు రోడ్ల మీద పట్టదు. డాన్యూబ్ నదిలో దింపి, నల్ల సముద్రం, మధ్యధరా, అట్లాంటిక్ చుట్టి, రైన్ నది మీదుగా దాదాపు 9,000 కిలోమీటర్లు తిప్పి తెచ్చారు. ఆ పాత్ర ఊళ్లోని ఇళ్ల మధ్య నుంచి వెళ్తున్న ఫోటో ఎప్పుడు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఇంత శ్రమా "ఇది బరువు కాదు, ఇంతకన్నా తక్కువ" అని చెప్పడానికి. 2025లో వాళ్లు ప్రకటించిన హద్దు 0.45 ఎలక్ట్రాన్ వోల్టు.

అది పైహద్దు. కింది హద్దు వేరే దారిలో వచ్చింది. న్యూట్రినోలు మూడు రకాలు: ఎలక్ట్రాన్ రకం, మ్యూయాన్ రకం, టౌ రకం. ఇవి ప్రయాణంలో ఒకదాన్నుంచి ఇంకొకదానిలోకి మారిపోతాయి. జపాన్‌లో ఒక కొండ కింద 50,000 టన్నుల నీళ్లతో ఉన్న సూపర్ కమియొకాండే డిటెక్టర్ దీన్ని 1998లో తేల్చింది. వాతావరణంలో పుట్టిన మ్యూయాన్ న్యూట్రినోలు నెత్తిమీద నుంచి వచ్చేవి లెక్క ప్రకారం ఉన్నాయి, భూమిని ఆ చివర నుంచి ఈ చివరకి దాటుకుని కింద నుంచి వచ్చేవి దాదాపు సగమే ఉన్నాయి. తర్వాత కెనడాలోని సడ్‌బరీ ప్రయోగం సూర్యుడి న్యూట్రినోల సంగతి తేల్చింది. అంతకుముందు సూర్యుడి న్యూట్రినోల్ని లెక్కపెట్టిన రే డేవిస్‌కి ఏళ్ల తరబడి మూడోవంతే ఎందుకు దొరికాయో అప్పుడు అర్థమైంది: మిగతావి రకం మార్చుకున్నాయి. ఈ రెండు ప్రయోగాల తరఫున కజితా, మెక్‌డొనాల్డ్‌లకి 2015లో నోబెల్ ఇచ్చారు. మనకి కావలసింది ఏమిటంటే, ఇలా మారాలంటే ద్రవ్యరాశులు వేరువేరుగా ఉండాలి. మూడూ సున్నా అయితే మారవు. ఈ ప్రయోగాలు చెప్పేది ద్రవ్యరాశుల వర్గాల తేడా మాత్రమే. పెద్ద తేడా 0.0025, దాని వర్గమూలం 0.05. కాబట్టి కనీసం ఒక్క న్యూట్రినో అయినా 0.05 ఎలక్ట్రాన్ వోల్టుకి తగ్గకుండా ఉండాలి. ఇక్కడి నుంచి మన లెక్కలకి ఈ 0.05నే పట్టుకుందాం.

ఇప్పుడు అసలు కథ. మూల కణాలకీ బలాలకీ ఇప్పుడున్న సిద్ధాంతమైన స్టాండర్డ్ మోడల్‌లో న్యూట్రినో ద్రవ్యరాశి సరిగ్గా సున్నా. ఎందుకు సున్నా పెట్టారో తెలిస్తే సగం సంగతి అర్థమైనట్టే.

ఇందాక చెప్పుకున్న ఈ కణాలన్నిటికీ స్పిన్ (తన చుట్టూ తాను తిరగడం లాంటి గుణం) ఉంటుంది. కదిలే దిశని బట్టి ఆ స్పిన్ ఎడమచేతివాటమో కుడిచేతివాటమో అవుతుంది. కణానికి బరువుంటే అది కాంతి వేగం కన్నా తక్కువలో వెళ్తుంది, అంటే నువ్వు దాన్ని దాటి ముందుకి పోవచ్చు. దాటి వెనక్కి తిరిగి చూస్తే అది ఎదురు దిశలో పోతున్నట్టు కనిపిస్తుంది, స్పిన్ మాత్రం మారదు. ఇందాక ఎడమచేతివాటం అనుకున్నది ఇప్పుడు కుడిచేతివాటం. అందుకని బరువున్న ఇలాంటి కణానికి రెండు చేతివాటాలూ ఉండి తీరాలి. కణాలకి బరువునిచ్చే హిగ్స్ క్షేత్రం చేసే పని కూడా ఇదే: ఎలక్ట్రాన్ ఎడమ రూపాన్నీ కుడి రూపాన్నీ ముడివేస్తుంది, ఆ ముడి ఎంత గట్టిదైతే ఎలక్ట్రాన్ అంత బరువు. ఇక న్యూట్రినో సంగతికొస్తే, 1958లో గోల్డ్‌హాబర్ బృందం కొలిచి చూస్తే అది ఎడమచేతివాటమే అని తేలింది. కుడిచేతి న్యూట్రినో ఎక్కడా కనబడలేదు. కనబడనిదాన్ని సిద్ధాంతంలో పెట్టలేదు. ముడి వేయడానికి రెండో కొస లేదు కాబట్టి బరువు సున్నా. ఈ సున్నా వెనక లోతైన సూత్రమేదీ లేదు, గమనించావా? ఫోటాన్ బరువు సున్నా కావడానికి గట్టి కారణం ఉంది. న్యూట్రినోకి అలాంటి కాపలా ఏదీ లేదు. ఒక కణాన్ని జాబితాలో చేర్చలేదు, అంతే.

"అయితే చేర్చేస్తే పోలా?" అంటావు. చేర్చొచ్చు. కుడిచేతి న్యూట్రినోని పెట్టి హిగ్స్‌తో ముడి వేస్తే లెక్క కుదురుతుంది. కానీ ఆ ముడి గట్టితనం ఎంతో చూడు. టాప్ క్వార్క్‌కి అది దాదాపు 1. ఎలక్ట్రాన్‌కి మూడున్నర లక్షల్లో ఒక వంతు. న్యూట్రినోకి మూడున్నర లక్షల కోట్లలో ఒక వంతు పెట్టాలి! తప్పని ఎవరూ అనలేరు, ప్రకృతి అలాగే ఉండొచ్చు కూడా. కానీ నాకు మాత్రం అది జవాబులా అనిపించదు. బరువెందుకు తక్కువంటే ముడి వదులు కాబట్టి, ముడెందుకు వదులంటే బరువు తక్కువ కాబట్టి. ప్రశ్న అక్కడే తిరుగుతోంది.

ఇంకో చిక్కు కూడా ఉంది, నా దృష్టిలో ఇదే అసలైన మలుపు. కుడిచేతి న్యూట్రినోని లోపలికి రానిచ్చాక అది మనం చెప్పినట్టు వినదు. దానికి విద్యుదావేశం లేదు, కేంద్రకాన్ని పట్టి ఉంచే బలమైన బలం తగలదు, ట్రిటియం లాంటివాటిని విచ్ఛిన్నం చేసే బలహీన బలం కూడా తగలదు. ఏ ఆవేశమూ లేని కణానికీ దాని ప్రతికణానికీ తేడా ఏమిటి? తేడా ఉండక్కర్లేదని 1937లోనే ఎత్తోరె మయోరానా రాశాడు. అలాంటి కణం హిగ్స్ సాయం లేకుండానే, తన ప్రతికణంతో తానే ముడిపడి బరువు తెచ్చుకోగలదు. ఎలక్ట్రాన్ ఈ పని చేయలేదు, ఎందుకంటే ఎలక్ట్రాన్ తన ప్రతికణమైన పాజిట్రాన్‌గా మారితే విద్యుదావేశం తారుమారవుతుంది. కుడిచేతి న్యూట్రినోకి ఆ అడ్డు లేదు. ఆ సొంత బరువు ఎంత ఉండాలో హిగ్స్ నిర్ణయించదు కాబట్టి దానికి పైహద్దు లేదు. హిగ్స్ ఇచ్చే బరువులన్నీ కొన్ని వందల గిగా ఎలక్ట్రాన్ వోల్టుల లోపే (ఒక గిగా అంటే వంద కోట్లు). ఇది మాత్రం వేలల్లో ఉండొచ్చు, కోట్ల కోట్లలోనూ ఉండొచ్చు. వద్దు, ఈ సొంత బరువు సున్నాయే అనాలంటే, లెప్టాన్ సంఖ్య (ఎలక్ట్రాన్, న్యూట్రినో లాంటి కణాల లెక్కలోంచి వాటి ప్రతికణాల లెక్క తీసేస్తే వచ్చేది) ఎప్పటికీ మారకూడదనే కొత్త నియమాన్ని మనం విడిగా తెచ్చిపెట్టాలి. స్టాండర్డ్ మోడల్‌లో ఆ నియమం దానంతటదే వచ్చింది, ఎవరూ పెట్టలేదు. కొత్త కణం రాగానే ఆ సౌకర్యం పోతుంది.

సరే, కాగితం తీయి. రెండు వరుసలు, రెండు నిలువులున్న మాత్రిక రాయి. పై వరుసలో 0, చ. కింది వరుసలో చ, ప. ఎడమ న్యూట్రినో తనంతట తాను బరువు తెచ్చుకోవడానికి దాని బలహీన ఆవేశం ఒప్పుకోదు, అందుకే పైన మొదటి గడిలో సున్నా. "చ" హిగ్స్ వేసిన ముడి. అది మిగతా కణాల ముడిలాంటిదే, ప్రత్యేకంగా చిన్నదేం కాదు. "ప" కుడి న్యూట్రినో సొంత బరువు, చాలా పెద్దది. మనకి కనిపించే బరువులు ఈ మాత్రిక ఐగెన్ విలువలు. ఇంటర్‌లో చదువుకున్నది గుర్తుందిగా: వాటి మొత్తం కర్ణం మీది సంఖ్యల మొత్తానికి సమానం, అంటే ప. వాటి లబ్ధం నిర్ధారకానికి సమానం, అంటే మైనస్ చ². మొత్తం ప, లబ్ధం చ² కావాలంటే ఒకటి దాదాపు ప అయి ఉండాలి, రెండోది "చ²"ని "ప"తో భాగించినంత ఉండాలి. ఆ మైనస్ గుర్తుకి ఇక్కడ ప్రాముఖ్యం లేదు, దాన్ని సర్దేయొచ్చు. చ=1, ప=100 పెట్టి చెయ్యి: 100.01, 0.01 వస్తాయి. "ప" విలువని పదివేలు చెయ్యి, రెండోది 0.0001కి పడిపోతుంది. ఒకటి బరువెక్కిన కొద్దీ రెండోది తేలికవుతుంది. పిల్లలాడుకునే సీ-సా బల్ల ఎలా ఒకవైపు దిగితే రెండోవైపు లేస్తుందో అలా, అందుకే దీనికి సీ-సా యంత్రాంగం అనే పేరొచ్చింది. పీటర్ మింకోవ్‌స్కీ 1977లో రాశాడు. తర్వాత రెండు మూడేళ్లలో యనగిదా, గెల్‌మాన్-రామోండ్-స్లాన్‌స్కీ, గ్లాషో, మహాపాత్ర-సెన్యానోవిచ్ వేరువేరు దారుల్లో ఇక్కడికే వచ్చారు. అప్పటికి న్యూట్రినోకి బరువుందని రుజువే లేదు, అది రావడానికి ఇంకా ఇరవై ఏళ్లు పట్టింది!

ఇప్పుడు నిజం అంకెలు వెయ్యి. చ అంటే టాప్ క్వార్క్ బరువంత, 174 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు అనుకో. వచ్చే తేలిక బరువు 0.05 ఎలక్ట్రాన్ వోల్టు కావాలి. ప ఎంత? 6 పక్కన 14 సున్నాలు, అంటే ఆరు కోట్ల కోట్ల గిగా ఎలక్ట్రాన్ వోల్టులు. జెనీవా దగ్గరి పెద్ద యాక్సిలరేటర్‌లో ఢీకొట్టే శక్తి 13,600 గిగా. దానికి 4,400 కోట్ల రెట్లు పైన! విద్యుదయస్కాంత, బలమైన, బలహీన బలాలు మూడూ ఒక్కటైపోతాయని సిద్ధాంతకర్తలు ఊహించే శక్తి దీనికి మరో పది ఇరవై రెట్లు పైన ఉంటుంది. ఆ రెండూ ఇంత దగ్గరగా రావడం చూశాక చాలామందికి ఈ ఆలోచన మీద గురి కుదిరింది. నాకూ అంతే. ఏ యంత్రమూ చేరలేని ఎత్తులో ఉన్నదేదో, మన ప్రయోగశాలలో ఒక కణాన్ని ఇంత తేలిక చేసి తన ఉనికి చెప్తోందన్నమాట.

అయితే నీ దగ్గర ఒక విషయం దాచను. చ ఎంతో మనకి తెలియదు. టాప్ బదులు ఎలక్ట్రాన్ బరువంత పెట్టి చూడు, ప 5,200 గిగాకి దిగి వస్తుంది. అది యాక్సిలరేటర్‌కి అందే ఎత్తే. కానీ ఎడమ న్యూట్రినోతో దాని కలయిక అంత స్వల్పమైతే, శక్తి చాలినా అది పుట్టడం దాదాపు అసాధ్యం. కాబట్టి సీ-సా ఒక్కటే చెప్పే ఎత్తు ఐదు వేల గిగా కావచ్చు, ఆరు కోట్ల కోట్లూ కావచ్చు. ఇది చిన్న లోటేం కాదు. దీన్ని తేల్చకుండా సీ-సా నిజమైపోయిందని ఎవరైనా అంటే నమ్మకు.

మరి నాకెందుకంత నమ్మకమంటావా? దానికి కారణం సిద్ధాంతకర్త స్టీవెన్ వైన్‌బర్గ్ 1979లో రాసిన చిన్న వ్యాసం. పైన ఎత్తులో ఏముందో తెలియదనుకో: కుడి న్యూట్రినో కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. దాని ప్రభావం మన కింది ప్రపంచంలో ఎలా కనపడుతుంది? స్టాండర్డ్ మోడల్ కణాలతోనే, దాని సమరూపతలన్నీ పాటిస్తూ సమీకరణంలో కొత్త పదాలు రాయాలి. ప్రతి పదాన్నీ ఆ పెద్ద శక్తితో భాగించాలి: కొన్నిటిని ఒకసారి, కొన్నిటిని రెండుసార్లు, ఇంకొన్నిటిని మరిన్ని సార్లు. ఒక్కసారి భాగించేవే అన్నిటికన్నా పెద్దవి, అందుకే అవే ముందు కనపడాలి. అలాంటి పదం ఎన్ని రకాలుగా రాయొచ్చో వెతికితే ఒకే ఒక్క రకం వస్తుంది. అందులో హిగ్స్‌కి తన విలువ పెడితే ఏం మిగులుతుందో తెలుసా? న్యూట్రినో ద్రవ్యరాశి! స్టాండర్డ్ మోడల్ ఆవల ఏదైనా ఉంటే, అది మొట్టమొదట బయటపడాల్సిన చోటు న్యూట్రినో బరువే. నిజంగానే ప్రయోగశాలల్లో స్టాండర్డ్ మోడల్ మొదట చిట్లింది అక్కడే. నువ్వే చెప్పు, దీన్ని యాదృచ్ఛికం అని వదిలేయబుద్ధవుతుందా?

ఇలాంటిది ఒకసారి జరిగింది కూడా. 1934లో ఫెర్మీ బీటా విచ్ఛిన్నానికి (ఇందాకటి ట్రిటియం విచ్ఛిన్నం లాంటిది) సిద్ధాంతం ప్రచురించినప్పుడు అందులో చాలా చిన్న స్థిరాంకం ఒకటి పెట్టుకోవాల్సి వచ్చింది. బలహీన బలం అంత బలహీనంగా ఎందుకుందో అప్పుడెవరికీ తెలియదు. తర్వాత తెలిసిందేమిటంటే, లోపల ఆ బలం నిజానికి బలహీనమైనదేం కాదు, దాన్ని మోసే డబ్ల్యూ బోసాన్ చాలా బరువు. స్థిరాంకం చిన్నదవడానికి కారణం ఆ బరువు వర్గంతో భాగించడమే. 1983లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో డబ్ల్యూ దొరికింది, 80 గిగా బరువుతో. ఫెర్మీ వ్యాసం వచ్చిన 49 ఏళ్లకి. చిన్న సంఖ్య వెనక పెద్ద బరువు దాగి ఉండటం భౌతిక శాస్త్రానికి కొత్త కాదు.

సీ-సాకి వేరే రూపాలూ ఉన్నాయి. కుడి న్యూట్రినో బదులు మూడు భాగాల బరువైన హిగ్స్‌లాంటి కణాన్ని పెట్టినా సరిపోతుంది. అసలు నేరుగా బరువు రాకుండా, కొత్త కణాలు మధ్యలో చుట్టు తిరిగే క్వాంటమ్ దిద్దుబాటు ద్వారానే వస్తుందని, అందుకే చిన్నదని చెప్పే నమూనాలున్నాయి. అలాంటిదొకటి ఆంథొనీ జీ 1980లో రాశాడు. వాటి జోలికి ఈసారి పోను. అన్నీ వైన్‌బర్గ్ రాసిన ఆ ఒక్క పదానికే చేరతాయి.

ఇక పరీక్ష సంగతి. పైకి ఎక్కలేం కాబట్టి కింది జాడలు వెతకాలి. ఇందాకటి పరుగు గుర్తు తెచ్చుకో: న్యూట్రినోని దాటి వెనక్కి చూస్తే కుడిచేతివాటంలో కనపడేది ఎవరు? సీ-సా చెప్పేది నిజమైతే అది యాంటీన్యూట్రినోయే, రెండూ ఒకటే కణం. అలాగైతే కొన్ని కేంద్రకాలు రెండు బీటా విచ్ఛిన్నాలు ఒకేసారి చేసి, న్యూట్రినో ఒక్కటి కూడా బయటికి రాకుండా రెండు ఎలక్ట్రాన్‌లని మాత్రమే వదలగలవు. జపాన్‌లో కామ్‌ల్యాండ్-జెన్ 745 కిలోల జెనాన్‌తో దీని కోసం కాపు కాసింది. అన్ని కిలోల్లో 3 పక్కన 27 సున్నాలు పెట్టినన్ని పరమాణువులుంటాయి, వాటిలో ఒక్కటి అలా విరిగినా కనిపెట్టాలని. ఇంతవరకు కనపడలేదు. కాబట్టి ఇలాంటి విచ్ఛిన్నానికి అర్ధాయుష్షు 38 పక్కన 25 సున్నాలు పెట్టినన్ని ఏళ్ల కన్నా ఎక్కువే అని చెప్పారు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లే, గుర్తు పెట్టుకో. ఒక్కసారి కనపడితే చాలు, న్యూట్రినో మయోరానా రకమేనని తేలిపోతుంది, ఏ యంత్రాంగం వల్ల వచ్చినా సరే. ఇలా 1982లో షెక్టర్, వాయే నిరూపించారు. కనపడకపోతే మాత్రం సీ-సా తప్పని అనలేం. మూడు బరువుల వరుస ఒక రకంగా ఉంటే ఈ విచ్ఛిన్నం ఇప్పటి ప్రయోగాలకి అందనంత అరుదు కావచ్చు. ఆ వరుస తేల్చడానికే చైనాలో జూనో అనే డిటెక్టర్ 20,000 టన్నుల ద్రవంతో 2025 ఆగస్టులో కొలవడం మొదలుపెట్టింది.

ఆ బరువైన కుడి న్యూట్రినోలు విశ్వం మొదట్లో నిజంగా ఉండి ఉంటే, అవి విరిగినప్పుడు పదార్థం వైపు కాస్త మొగ్గు చూపి ఉండొచ్చని, అందుకే ప్రతిపదార్థంతో కలిసి అంతా మాయమైపోకుండా మనం మిగిలామని 1986లో ఫుకుగిటా, యనగిదా ఒక ఆలోచన ఇచ్చారు. దాని గురించి రాయడం మొదలుపెడితే మళ్లీ ఇంతే పొడుగు ఉత్తరం అవుతుంది, నువ్వు అడిగితే రాస్తాను.

ముందు ఆ మాత్రిక లెక్క నువ్వే చెయ్యి, నా మాట మీద నమ్మొద్దు. చ కోసం మ్యూయాన్ బరువు, 0.1057 గిగా, పెట్టి ప ఎంతొస్తుందో రాసి పంపు. తర్వాత ఒక పని చెయ్యి: మూడు కుటుంబాలకీ మూడు "చ"లు, మూడు "ప"లు ఉంటే మాత్రిక ఆరు వరుసలవుతుంది కదా, అప్పుడు తేలిక బరువులు మూడూ ఒకేలా ఎందుకు రాకూడదో ఆలోచించి నీకేమనిపించిందో రాయి. నా దగ్గర దానికి సూటి జవాబు లేదు, నీ జవాబు కోసం నిజంగా ఎదురు చూస్తున్నాను.

ఉంటానురా బావా,
నీ మిత్రుడు